పెద్ద తొట్టి, పెక్కు చేపలు

(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము యొక్క పాఠము)



పట్టణములలో వైద్యుల ముందుగదులయందును, హోటళ్లలోను, బట్టల దుకాణములలోను పెద్ద పెద్ద గాజుతొట్లు కనబడుచున్నవి. నీలిదీపముల వెలుగులో ఎర్రనివి, పచ్చనివి, చారలవి చేపలు గుంపులు గుంపులుగా తిరుగుచుండును. పనిమీద వచ్చినవారు కొంతసేపు నిలిచి, పిల్లలనెత్తి చూపి, సంతోషించి పోవుదురు. ఆ నీటిలో అన్ని చేపలుండదగునా యను ప్రశ్న చూచువారికి తోచదు. చేపలు పెంచువారి నడుమ మాత్రము అది తెగని వివాదము. తొట్టి పెద్దదైనచో, ఫిల్టరు బలమైనదైనచో, చేపలను ఎన్నియైనను ఉంచవచ్చునని ఒక పక్షము. తొట్టి ఎంత పెద్దదైనను దానికొక హద్దు కలదనియు, ఆ హద్దు కంటికి కనబడదనియు రెండవ పక్షము. ఇరువురును తమ తొట్లలోని చేపలనే సాక్ష్యముగా చూపుదురు.

పల్లెటూరి గ్రంథాలయ సభకు ఈ ముచ్చట ఏల యని కొందరనుకొనవచ్చును. గోదావరి, కృష్ణా మండలములలో వేలాది కుటుంబములకు చేపల చెరువే జీవనాధారము. చెరువునకును గాజుతొట్టికిని గల భేదము పరిమాణమునందే గాని ధర్మమునందు కాదు. అంతేగాక, పట్టణపు తొట్టిలో ఇమడని చేప కడపట ఎక్కడికి చేరుచున్నదో కాలువలలో వల వేయువారికి తెలియును.

ఈ వివాదమునకు మూలము 1850 ప్రాంతమున లండను నగరములో కలదు. రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు సుమారు 12 గాలన్లు పట్టు గాజుపాత్రను సగమువరకు ఊటనీటితో నింపి, అందులో ఒక నీటిమొక్కను నాటి, రెండు చిన్న బంగారు చేపలను వదలెను. అతడు పరీక్షింపదలచిన విషయము సులభమైనది: చేప ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు వాయువును విడుచును, మొక్క వెలుతురులో బొగ్గుపులుసు వాయువును గ్రహించి ప్రాణవాయువునిచ్చును, ఈ రెండును ఒకదాని అవసరమును మరియొకటి తీర్చుచున్నచో నీటిని మార్చనక్కరలేదుగదా! కొన్నాళ్లు బాగుగనే జరిగినది. తరువాత మొక్క యొక్క ముదురాకులు కుళ్లి, నీరు కలకబారి, గాజుకు పచ్చని జిగురు పట్టెను. వారింగ్టన్ చెరువు నత్తలను కొన్నిటిని తెచ్చి వదలెను. అవి జిగురును, కుళ్లిన ఆకులను తినివేసినవి. వాని గ్రుడ్లు చేపలకు ఆహారమైనవి. నీరు తేటపడెను. చేప, మొక్క, నత్త - ఈ ముగ్గురి కాపురము చక్కగా సాగినదని అతడు రసాయన శాస్త్ర సంఘమునకు నివేదించెను.

ఆ ప్రయోగమును మెచ్చుకొన్నవారు ఒక సంగతిని అంతగా గమనింపలేదు. ఆ పాత్రలో ఉన్నవి రెండే చేపలు, అవియును చిన్నవి. సమతూకము నిలుచుటకు మొక్క ఎంత కారణమో, చేపల కొరత అంత కారణము.

1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపలకొక ప్రత్యేక భవనమును తెరచిరి. మరుసటి యేట ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన ‘ది ఎక్వేరియం’ అను గ్రంథము వెలువడెను. ఇంగ్లండులో కలిగినవారి యిండ్లలో గాజుతొట్టి లేనిది గౌరవము లేదన్నంత వేలంవెర్రి పుట్టినది. జనులు సముద్రతీరమునకు పోయి, రాళ్ల సందులలోని జీవులను బుట్టలకొద్ది తెచ్చి తొట్లలో క్రుమ్మరించిరి. ఆ తీరములు ఎట్లు బోసిపోయినవో గాస్ కుమారుడు ఎడ్మండ్ తరువాత తన తండ్రిని గూర్చిన గ్రంథములో విచారముతో వ్రాసియున్నాడు. తొట్లలోని జీవులు మాత్రము బ్రతికినవా? చాలవరకు బ్రతుకలేదు. కొన్ని దినములలోనే నీరు కంపుకొట్టెడిది. జనులు విసిగి తొట్టిని అటక మీదికెక్కించిరి. నేడు కొత్తగా తొట్టి కొన్నవారి యిండ్లలో జరుగుచున్న కథయు ఇంచుమించుగా ఇదియే.

ఈ చిక్కును గ్రహించినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. ఇతడు 1864లో జర్మనీలోని హాంబర్గు నగరమునందును, 1871లో లండనులోని క్రిస్టల్ పాలెస్ నందును పెద్ద చేపల ప్రదర్శనశాలలకు ఏర్పాటు చేసెను. లాయిడ్ పద్ధతిలోని కిటుకు ప్రేక్షకులకు కనబడదు. అద్దముల వెనుకనున్న నీటికంటె ఎన్నో రెట్లు నీరు నేలక్రింద చీకటి గోతిలో నిలువయుండును. పంపులు రేయింబవళ్లు ఆ నీటిని తొట్లలోనికి తోడి, మరల గోతిలోనికి విడుచుచుండును. చీకటిలో నాచు పెరుగదు, నీరు వేడెక్కదు. కదలికచేత నీటికి గాలి కలియుచుండును. చూచువాడు, ఇంత చిన్న తొట్టిలో ఇన్ని చేపలా యని ఆశ్చర్యపడును. ఆ చేపలు నిజముగా నివసించుచున్నది కనబడు తొట్టిలో కాదు. కనబడని గోతితో కూడిన మొత్తము నీటిలో. ఈ ఒక్క సంగతి మనసులో నుంచుకొన్నచో వివాదములో సగము తేలిపోవును.

ఇక నీటి సంగతి విచారింపవలెను. గాలిలో ప్రాణవాయువు పుష్కలము. ఒక లీటరు గాలిలో సుమారు 280 మిల్లీగ్రాములుండును. నీటిలో అట్లు కాదు. 20 డిగ్రీల చల్లని మంచినీటి లీటరులో ఎక్కువలో ఎక్కువ 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే ఇముడును. నీరు వెచ్చనైనకొలది ప్రాణవాయువు తగ్గును; అదే సమయమున చేపకు దాని అవసరము పెరుగును. చలిదేశములవారు వ్రాసిన లెక్కలను ఆంధ్రదేశపు వేసవిలో అట్లే వాడుట ఇందువలననే ప్రమాదము.

చేపలు పెంచువారిలో ఒక పాత సూత్రము వ్యాప్తిలోనున్నది: గాలను నీటికి అంగుళము చేప. అమెరికా గాలను సుమారు మూడు లీటర్ల ముప్పాతిక. ఈ సూత్రము నోటికి సులువుగా వచ్చును గనుక దుకాణదారులందరును చెప్పుదురు. అయితే చేప పొడవు రెండింతలైనచో దాని బరువు రెండింతలగుటతో ఆగదు. వెడల్పు, మందము కూడ పెరుగును గనుక ఇంచుమించు ఎనిమిదింతలగును. పది గాలన్ల తొట్టిలో అంగుళము చేపలు పదింటిని ఉంచుటయు, పది అంగుళముల చేపనొక్కదానిని ఉంచుటయు ఈ సూత్రము ప్రకారము సమానమే. బరువు చూచినచో ఆ ఒక్క చేప ఆ పదింటికి నూరురెట్లు! దానికి తిరుగుటకైన చోటుండదు. మరియు, ప్రాణవాయువు నీటిలోనికి ప్రవేశించునది పైతట్టు నుండి. అందమునకై సన్నగా, ఎత్తుగా కట్టిన తొట్టికంటె వెడల్పుగా, లోతు తక్కువగా నున్న తొట్టియే మేలు. గాలన్ల లెక్క రెండింటికిని ఒక్కటియే యగును. మూతి సన్నని గుండ్రని గాజుబుడ్డి మరియు హీనము. రోమ్ నగర పాలకులు 2005లో బంగారు చేపలను అట్టి బుడ్లలో ఉంచుటను నిషేధించిరి. పసిపిల్లల పుట్టినరోజు కానుకలుగా తెలుగునాట అవి నేటికిని అమ్ముడుపోవుచునే యున్నవి.

ప్రాణవాయువుతో కథ ముగియలేదు. చేపకు మేత వేసినపుడు అందులోని మాంసకృత్తులలో కొంతభాగము దాని ఒంటికి పట్టును; తక్కినది చాలవరకు అమ్మోనియాగా మొప్పలగుండ నీటిలోనికి వచ్చును. నూటికి 35 పాళ్లు మాంసకృత్తులున్న మేత 100 గ్రాములు వేసినచో, సుమారు మూడు గ్రాముల నత్రజని అమ్మోనియా రూపమున నీటిలో చేరునని మత్స్యశాస్త్రజ్ఞుల లెక్క. అమ్మోనియా చేపకు విషము. దానిని తీయునదెవరు? వారింగ్టన్ మొక్కయని తలంచెను. మొక్క కొంత తీయును గాని అసలు పనివారు వేరు.

ఇచ్చట చరిత్రలో ఒక చక్కని సంగతి కలదు. ఆ వారింగ్టన్ కుమారుని పేరును రాబర్ట్ వారింగ్టనే. అతడు ఇంగ్లండులో రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన క్షేత్రమున పనిచేసెను. పొలములో వేసిన పెంటయందలి అమ్మోనియా నైట్రేటుగా మారి పైరునకు అందుట యెట్లు అనునది అతని పరిశోధన. ఇది కేవల రసాయన క్రియ కాదనియు, ప్రాణముగల సూక్ష్మజీవుల పనియనియు 1877లో ఫ్రాన్సు దేశస్థులు ష్లోజింగ్, మ్యుంట్జ్ అనువారు చూపియుండిరి. ఈ పని రెండు మెట్లలో జరుగుననియు, ఒక తెగ జీవులు అమ్మోనియాను నైట్రైటుగాను, మరియొక తెగ దానిని నైట్రేటుగాను మార్చుననియు చిన్న వారింగ్టన్ కనుగొనెను. ఆ జీవులను విడదీసి చూపిన కీర్తి 1890లో రష్యా దేశపు వినొగ్రాడ్‌స్కీకి దక్కినది. తండ్రి తన గాజుపాత్రలో ఎవరి సేవను పొందుచుండెనో ఎరుగడు. కుమారుడు వారిని పొలపు మట్టిలో కనిపెట్టెను. ఏ జాతులు ముఖ్యమైనవి అను విషయమున ఇటీవలి పరిశోధనలు పాత అభిప్రాయములను సవరించినవి గాని మెట్లు రెండనుట మారలేదు.

తొట్టికి తగిలించు ఫిల్టరు ఈ జీవులకొక ఇల్లు మాత్రమే. దానిలోని స్పాంజిపైన, రాళ్లపైన అవి పొరగా పెరుగును. కొత్త ఫిల్టరులో అవి తగినంతగా పెరుగుటకు నెల, నెలన్నర పట్టును. దుకాణమునుండి తొట్టి, ఫిల్టరు, ముప్పది చేపలు ఒక్కనాడే తెచ్చి పెట్టినవారి చేపలు రెండవ వారములో చచ్చుటకు కారణమిదియే. దిష్టి తగిలినదని కొందరందురు.

ఫిల్టరు బలమైనదైనచో ఎన్ని చేపలనైనను ఉంచవచ్చును అనువారు ఈ జీవులను కూలి అడుగని పనివారిగా భావింతురు. వారి కూలి ప్రాణవాయువు. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేటుగా మార్చుటకు వానికి నాలుగున్నర గ్రాముల ప్రాణవాయువు కావలెను. ఒక తొట్టిని ఊహించుకొనుడు: రెండు మీటర్ల పొడవు, 70 సెంటీమీటర్ల చొప్పున వెడల్పు, లోతు - సుమారు 1,000 లీటర్ల నీరు. ఇండ్లలో ఇది చాల పెద్ద తొట్టియే. 28 డిగ్రీల వద్ద ఆ నీటినంతటిని గాలితో నింపినను అందులోనుండు ప్రాణవాయువు ఎనిమిది గ్రాములకు లోపు. అందులో అయిదు కిలోల చేపలున్నవనుకొందురుగాక. రోజునకు 100 గ్రాముల మేత. ఆ మేత వలన పుట్టిన అమ్మోనియాను శుద్ధిచేయుటకే సూక్ష్మజీవులకు 14 గ్రాములకు పైగా ప్రాణవాయువు కావలెను; అనగా తొట్టిలో ఒక సమయమున ఉండుదానికి ఇంచుమించు రెండింతలు. చేపల శ్వాసకు, కిలోకు గంటకు 250 మిల్లీగ్రాముల వంతున, రోజునకు మరి 30 గ్రాములు. వెరసి నీటిలోని ప్రాణవాయువంతయు దినమునకు ఆరుమార్లు ఖర్చయి ఆరుమార్లు నిండవలెను. చేపలు పది కిలోలైనచో పండ్రెండుమార్లు.

గాలిపంపు నడుచుచున్నంతకాలము ఇది సాగును, సందేహము లేదు. అందుచేతనే మొదటి పక్షమువారు తమ తొట్లను చూపి ధీమాగా మాటలాడుదురు. కరెంటు పోయిననాడు చూడవలెను. పైలెక్క ప్రకారము అయిదు కిలోల చేపలు నాలుగు గంటలలోను, పది కిలోల చేపలు రెండు గంటలలోను ప్రమాదస్థితికి వచ్చును. పైతట్టు నుండి కొంత గాలి తనంతతాను కలియుచుండును గనుక నిజముగా ఇంకను కొంత వ్యవధి యుండును; కాని ఫిల్టరులోని జీవులును అదే నీటిని పీల్చుచున్నవని మరువరాదు. మూసియున్న ఫిల్టరు డబ్బాలో నీరు కదలక నిలిచినచో ఆ జీవులే ఊపిరాడక చచ్చి కుళ్లును. కరెంటు వచ్చినపుడు ఆ కుళ్లంతయు ఒక్కసారిగా తొట్టిలోనికి వచ్చును.

ఈ కథ కోనసీమలోను, కైకలూరు, భీమవరము ప్రాంతములలోను చేపల రైతులకు కొత్త గాదు. వారి చెరువుకు పంపు లేకున్నను పగలు నీటిలోని పచ్చనాచు ఎండవెలుతురులో ప్రాణవాయువును పుట్టించును. రాత్రి ఆ నాచే చేపలతోపాటు దానిని పీల్చును. కావున తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అత్యల్పముగా నుండును. ముసురు పట్టిన దినములలో పగలు పుట్టవలసినదియు పుట్టదు. అట్టి వేకువను బొచ్చెలు, శీలావతులు నోళ్లు తెరచుకొని నీటిపైకి తేలుట చూచిన రైతు ఎవరు చెప్పకయే ఏరేటర్ల వద్దకు పరుగెత్తును. మబ్బు పట్టినచో మేత తగ్గించును. రంధ్రములు పొడిచిన సంచులలో తవుడు నింపి కర్రలకు వ్రేలాడదీసి, సాయంత్రమునకు సంచి ఎంత ఖాళీయైనదో చూచి మరునాటి మేతను నిర్ణయించును. మేత తగ్గినదనగా నీటిలో ఏదియో చెడినదని అతడెరుగును. అతని నష్టము లక్షలలోనుండును గనుక అతడు నీటిని కనిపెట్టియుండును. పట్టణపు తొట్టి యజమానికి చేప చచ్చినచో మరియొక చేప దుకాణమున దొరకును. అందుచేత అతనికి ఈ విద్య అబ్బుట ఆలస్యమగును.

పెద్ద తొట్టికి ఒక గొప్ప గుణము కలదని ఒప్పుకొనవలెను. నీరు ఎక్కువైనకొలది దానిలో మార్పులు మెల్లగా వచ్చును. ఒక చేప చచ్చి మూల దాగినను పెద్ద తొట్టి వెంటనే చెడదు. చిన్న తొట్టి ఒక రాత్రిలో చెడును. అయితే ఈ గుణమే మోసము చేయునది కూడ. నెమ్మదిగా వచ్చు కీడు కంటబడదు. ఇరుకు తొట్టిలో సూక్ష్మజీవులు తమ పని చేయుచు నీటిని క్రమముగా పులియజేయును, ఆమ్లగుణము పెరుగును. ఆమ్లపు నీటిలో అమ్మోనియా పెద్దగా బాధింపని రూపముననుండును. సూక్ష్మజీవులు మాత్రము మందగించును. అమ్మోనియా పేరుకొనుచుండును, చేపలు తిరుగుచునే యుండును, యజమాని సంతుష్టుడై యుండును. ఒకనాడు బంధువులు వచ్చుచున్నారని తొట్టిని కడిగి, సగము నీరు తీసి, ఉప్పు చవుడు గల బోరునీరు పోయును. ఆమ్లగుణము విరిగి నీరు క్షారమగును. 25 డిగ్రీల నీటిలో క్షారమానము 7 నుండి 8కి పెరిగినచో అమ్మోనియాలోని విషభాగము ఇంచుమించు పదిరెట్లగును. సాయంత్రమునకు చేపలు వెల్లకిల పడును. బోరునీరు మంచిది కాదని యజమాని నిర్ణయించును. తప్పు ఆనాటి నీటిది కాదు. ఆరునెలలుగా లెక్కకు మించియున్న చేపలది, మార్చక నిలిపిన పాతనీటిది.

మొదటి పక్షమువారి వాదములలో నిజముగా ఆలోచింపదగినదొకటి కలదు. అది ఆఫ్రికా ఖండమందలి మలావీ సరస్సు చేపలను గూర్చినది. ఆ సరస్సు ఒడ్డున రాళ్లగుట్టల మధ్య మ్బూనా అను రంగురంగుల చేపల జాతులు అనేకము కలవు. ఇవి మహా కోపిష్టివి. ప్రతి మగచేపయు ఒక రాతిసందును తన జాగాగా చేసికొని, అటువచ్చిన దానిని తరిమికొట్టును. తొట్టిలో నాలుగైదింటిని మాత్రమే ఉంచినచో బలమైనది బలహీనమైనదానిని మూలకు తరిమి, రెక్కలు చీల్చి, చంపువరకు విడువదు. అదే తొట్టిలో ముప్పది యుంచినచో తరుమబడు చేప మందలో కలిసిపోవును. కోపిష్టికి ఒక్కదానిపై దృష్టి నిలువదు. దెబ్బలు పదుగురికి పంచబడి ఎవరికిని ప్రాణాంతకము కావు. కనుక ఈ చేపలను కిక్కిరిసియుండునట్లే పెంచవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. మాట అబద్ధము కాదు. సరస్సులోను రాళ్లదగ్గర అవి ఒత్తుగానే యుండును.

అయినను రెండు సంగతులు గమనింపవలెను. సరస్సులో ఓడిపోయిన చేపకు పారిపోవుటకు త్రోవ కలదు. ఆ సరస్సు పొడవు 550 కిలోమీటర్లకు పైచిలుకు. తొట్టిలో త్రోవలేదు గనుకనే గుంపు కావలసివచ్చినది. అనగా తొట్టి చేసిన కీడును తొట్టిలోని మరియొక ఏర్పాటుతో కప్పుచున్నాము అని ఆ పెంపకదారులు నిజాయితీగా ఒప్పుకొనవలెను. రెండవది, కోపము పంచబడినంత మాత్రమున అమ్మోనియా పంచబడదు. ముప్పది చేపల మేత ముప్పది చేపల మేతయే. ఈ పద్ధతిని చక్కగా నడుపువారు వారమునకు మూడవవంతు, సగము నీరు మార్చుదురు, రెండు ఫిల్టర్లనుంచుదురు, కరెంటు పోయినచో బ్యాటరీతో గాలిపంపు నడుపుదురు. వారి మాటలలో గుంపు మాత్రము విని, తక్కినది వినక, అదే నియమమును బంగారు చేపలకును, దేవకన్యల వంటి ఏంజెల్ చేపలకును అన్వయించువారే ఎక్కువ. ఒక జాతి స్వభావమునుబట్టి ఏర్పడిన పద్ధతి అన్ని జాతులకు ధర్మము కానేరదు. బంగారు చేప కోపిష్టి కాదు. దానికి గుంపు ఔషధమును కాదు.

ఇంకొక వాదము: గొప్ప ప్రదర్శనశాలల తొట్లు కిటకిటలాడుచున్నవిగదా, అచ్చట చెల్లినది ఇంట చెల్లదా? ముంబయి నగరమున 1951లో తారాపూర్‌వాలా అక్వేరియం తెరచినది మొదలు ఈ దేశములోను ఇట్టివి జనులకు పరిచయము. అమెరికాలో అట్లాంటా నగరమందు 2005లో ప్రారంభమైన జార్జియా అక్వేరియంలోని పెద్ద తొట్టి 63 లక్షల గాలన్లది, అనగా రెండుకోట్ల ముప్పది లక్షల లీటర్లకు పైమాట. తిమింగలపు సొరలనే అందులో ఉంచిరి. అట్టిచోట్ల అద్దము వెనుక ఇసుక వడపోతలు, నురుగు తీయు యంత్రములు, ప్రత్యామ్నాయ విద్యుత్తు, పశువైద్యులు, నీటిని దినదినము పరీక్షించు ప్రయోగశాల యుండును. లాయిడ్ గారి చీకటిగొయ్యియే నేడు ఈ రూపము దాల్చినది. ఇంటిలో తొట్టి మాత్రమే కలదు, గొయ్యి లేదు. అంతటి ఏర్పాటులున్న ఆ అట్లాంటా తొట్టిలోను 2007లో రెండు తిమింగలపు సొరలు మరణించెను. అందుకు ఇరుకు కారణమని చెప్పరాదు; కాని సముద్రములో వేయి మీటర్ల లోతునకు మించి మునుగు ప్రాణికి ఏ తొట్టి పెద్దది అని అప్పుడు లోకము ప్రశ్నించినది. ఈ సొర గుజరాతు తీరమునకు వచ్చునదే. 2001 నుండి భారతదేశమున దీనిని పట్టుట చట్టవిరుద్ధము.

గాలి పీల్చు చేపల సంగతి కొంచెము వేరు. కొర్రమేను నీటిపైకి వచ్చి గాలిని మ్రింగును, బురదలోను బ్రతుకును. తొట్లలో పెంచు గౌరామి, బెట్టా చేపలకును ఇట్టి శక్తి కలదు. వీనిని ఎంత ఇరుకులోనైనను ఉంచవచ్చునని దుకాణములలో గ్లాసులలో నిలువబెట్టి అమ్ముదురు. ప్రాణవాయువు మాట నిజమే. అమ్మోనియా మొప్పలను కాల్చుట మాత్రము వానికిని తప్పదు.

ఇక తొట్టి యజమానులందరును చేయు ఒక పొరపాటు కలదు. చేపలను కొనునపుడు అవి రెండంగుళముల పిల్లలు. తొట్టి విశాలముగా కనబడును. ఇంకను పది కొందురు. చేప తొట్టినిబట్టియే పెరుగునను మాట ఒకటి లోకములో ఉన్నది. ఇది సగము నిజము కూడ కాదు. చెడినీటిలో, ఇరుకులో చేప గిడసబారును, వెన్ను వంగును, ఆయువు తీరకముందే చచ్చును. దానిని తొట్టికి తగినట్లు పెరిగినదని చెప్పుట, తిండిలేక ఎండిన బిడ్డను ఇంటికి తగినట్లు పెరిగినాడని చెప్పుట వంటిది. మంచి నీరు, మంచి మేత దొరికినచో ఆ చేపలే అనుకొన్నదానికంటె త్వరగా పెరుగును. షార్కు అను పేరుతో అమ్ముచున్న పంగాసియస్ పిల్లలు మీటరు పొడవు కాగలవు. నాచు తినునని, తొట్టిని శుభ్రపరచునని అంటగట్టు సక్కరు చేప అడుగుకు మించి పెరుగును. అది నాచు తినుట నిజమే. పెరిగినకొలది నాచు తినుట తగ్గి, రెట్ట పెట్టుట హెచ్చును.

అప్పుడేమి చేయుదురు? చంపుటకు చేతులాడవు. ఇతరులెవరు తీసికొనరు. పుణ్యమని తలంచి సంచిలో పెట్టి, చెరువులోనో కాలువలోనో వదలి, నమస్కరించి వత్తురు. 2023లో కాశ్మీరమందలి దాల్ సరస్సులో అమెరికా దేశపు ఎలిగేటర్ గార్ అను మొసలిమూతి చేప దొరికినది. అది అచ్చటికి ఈదివచ్చినది కాదు. ఆంధ్రదేశపు చెరువులలోను, కాలువలలోను, నదులలోను పడుచున్న దెయ్యపు చేప ఈ సక్కరు చేపయే. దాని పుట్టుక దక్షిణ అమెరికా నదులలో. ఒంటినిండ గట్టి పొలుసుల కవచము, రెక్కలకు ముండ్లు. ఇక్కడి చేపలలో దానిని మ్రింగగలది అరుదు. అది గట్లలో బొరియలు త్రవ్వి గ్రుడ్లు పెట్టును, గట్టు బలహీనపడును. శీలావతికి వేసిన మేతను తాను తినును. దానివలన చెరువు రైతునకు నష్టము, వల జాలరికి నష్టము.

తొట్టి నిండినచో ఏమి చేయవలెనన్నదానికి సమాధానము కొనుటకు ముందే యున్నది. దుకాణదారుని చేప ఖరీదు అడుగుటతోపాటు అది ఎంత పెరుగునని, పెరిగినపిమ్మట తిరిగి తీసికొందువా అని అడుగవలెను. తీసికొననన్నచో ఆ జాతిని కొనకుండుటే మేలు. ఇప్పటికే కొన్నవారు పెద్ద తొట్టి గలవారికి ఇయ్యవచ్చును. అదియు కుదరనపుడు మత్స్యశాఖవారిని అడుగవలెను. పారునీటిలో మాత్రము వదలరాదు. మిగిలిన చేపలకు మేత తగ్గించి, వారమునకు పావువంతు నీరు మార్చుచు, ఒక్కొక్క మారు కొంచెముగా మార్చుచు, తెల్లవారుజామున దీపము వేయకముందు ఒకసారి తొట్టివద్ద నిలిచి చూడవలెను. చేపలన్నియు పైతట్టున చేరి నోళ్లాడించుచున్నచో ఆ తొట్టిలో లెక్క మించినది. పగలు అవి ఎంత చురుకుగా తిరుగుచున్నను సరే.

కాలువగట్టున జాలరి వలను దులుపునపుడు దెయ్యపు చేప సులభముగా ఊడిరాదు. ముండ్లు కన్నులలో చిక్కుకొనును. వల చినుగును, వ్రేళ్లు చీరుకొనిపోవును. సంతలో దానిని కొనువాడు లేడు. గట్టుపై పారవేసినను చాలసేపు ప్రాణముతో నుండును, మరల నీటివైపు ప్రాకును. పది రూపాయలకో ఇరువది రూపాయలకో ఏ పట్టణమునందో ఎవరో ఒకరు తొట్టి అద్దము శుభ్రముగా నుండుటకై దానిని కొనియుందురు.